పడతానేమోనన్న భయం: పెద్దవయసు స్త్రీలు, వ్యాయామం, క్షేమం

వృద్ధాప్య వైద్యంలో పడతానేమోనన్న భయాన్ని ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించి నలభై ఏళ్లు దాటింది. కిందపడితే ఎముక విరుగుతుందని, లేవలేక మంచాన పడతామని, పిల్లలకు బరువవుతామని దిగులుపడి, పెద్దవాళ్లు తమకు చేతనైన పనులను కూడా ఒక్కొక్కటిగా వదులుకోవడం దీని లక్షణం. మగవారికంటే ఆడవారిలో ఇది ఎక్కువ. పడ్డవాళ్లలోనే కాదు, ఒక్కసారి కూడా పడనివాళ్లలోనూ కనిపిస్తుంది. వ్యాయామంతో తగ్గుతుంది, కానీ అన్ని వ్యాయామాలూ ఇందుకు పనికిరావు. సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ మండలం, దాని చుట్టూ ఉన్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల స్త్రీల జీవితాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ సమస్యను, దానికున్న మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది కిందపడి ప్రాణాలు కోల్పోతున్నారు. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ మృతుల్లో 80 శాతానికి పైగా తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాలవారు. వైద్యం అవసరమయ్యేంత గట్టిగా పడేవారు ఏటా 3 కోట్ల 73 లక్షల మంది. 65 దాటినవారిలో దాదాపు మూడింట ఒక వంతు ఏడాదిలో ఒకసారైనా పడతారు. 2011 జనాభా లెక్కల నాటికి భారతదేశంలో అరవై దాటినవారు 10 కోట్లకు పైనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో వీరు దాదాపు పదో వంతు.

పెన్‌పహాడ్ మండలం 2016 అక్టోబర్ 11న నల్లగొండ నుంచి విడివడిన సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారకంతో కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు వరి విస్తరించింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణంగా పేరు తెచ్చుకుంది. ఆ వరికి నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసి, కుప్పలు నూర్చిన ఆడవాళ్లే ఇవాళ ఊళ్లలో అరవై, డెబ్బై దాటిన అవ్వలు. వాళ్లకు వ్యాయామం చేయమని చెబితే, "బతుకంతా చేసింది అదే గదా బిడ్డా" అంటారు.

ఆ మాట నిజం. దానికి మర్యాదగా, సరిగ్గా జవాబు చెప్పాలి. నాట్లు, కలుపు పని ఓర్పును పెంచుతాయి, కానీ నడుమును గంటల తరబడి ఒకే దిక్కుకు వంచి ఉంచుతాయి. అంతకంటే ముఖ్యమైనది, ఆ పని ఒక్కసారిగా ఆగిపోవడం. మోకాళ్లు సహకరించక కూలికి పోవడం మానేసిన నాటి నుంచి కండ వేగంగా కరుగుతుంది. పూర్వం చేసిన కష్టం బ్యాంకులో వేసిన డబ్బులా నిలవ ఉండదు. నలభై ఏళ్లు పొలంలో కష్టపడ్డ కాళ్లయినా, రెండేళ్లు మంచం పట్టున ఉంటే బలహీనపడతాయి.

భయాన్ని కొలవడం

1982లో బర్నార్డ్ ఐజాక్స్, మర్ఫీ అనే పరిశోధకులు ఒక పరిశీలన ప్రచురించారు. పడిన తర్వాత కొందరు వృద్ధులు ఏ ఎముకా విరగకపోయినా, పట్టు లేకుండా నడవలేని స్థితికి చేరుకుంటున్నారని, గోడనో మనిషినో గట్టిగా పట్టుకుని వదలడం లేదని గమనించారు. పడ్డ తర్వాత వచ్చే ఈ లక్షణాల కూటమిని ఒక ప్రత్యేక స్థితిగా వారు వర్ణించారు. 1990లో అమెరికా వైద్యురాలు మేరీ టినెట్టీ దీన్ని మరో వైపు నుంచి చూశారు. భయం ఉందా లేదా అని అడగడానికి బదులు, ఫలానా పని పడకుండా చేయగలనన్న ధైర్యం ఎంత ఉందని అడగడం మేలని ఆమె వాదం. స్నానం, బట్టలు వేసుకోవడం, కుర్చీలోంచి లేవడం వంటి పనుల మీద ప్రశ్నావళి తయారుచేశారు. దాన్ని ఆధారం చేసుకుని 2005లో లూసీ యార్డ్‌లీ బృందం 16 ప్రశ్నల అంతర్జాతీయ కొలమానాన్ని రూపొందించింది. మొత్తం మార్కులు 16 నుంచి 64 దాకా ఉంటాయి. ఎక్కువ వస్తే ఎక్కువ భయం. ఏడు ప్రశ్నల చిన్న రూపం కూడా తర్వాత వచ్చింది.

ఆ 16 ప్రశ్నల్లో ఫోను మోగడం ఆగేలోపు అందుకోవడం, మెట్లెక్కడం, వాలు మీద నడవడం, జనసమ్మర్దంలో తిరగడం ఉన్నాయి. పెన్‌పహాడ్ లాంటి చోట అడగవలసిన ప్రశ్నలు ఇంకొన్ని ఉన్నాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చీకట్లో మరుగుదొడ్డికి పోవడం, అక్కడ గొంతుక్కూర్చుని లేవడం, తడి బండల మీద బిందె పట్టుకుని నడవడం, పొలం గట్టు మీద అడుగేయడం, ఎత్తయిన గడప దాటడం, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో గుట్టెక్కడం అటువంటివి. బస్సు ఫుట్‌బోర్డు వాటన్నిటికంటే ముందు రావాలి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం మొదలైంది. టికెట్ అడ్డు తొలగినా, మోకాలెత్తు మెట్టు, నిలబడే చోటు లేని రద్దీ, కూర్చునేలోపు కదిలే బస్సు అలాగే ఉన్నాయి. ఆ మెట్టుకు జంకి సూర్యాపేట ఆస్పత్రికి, బిడ్డ ఇంటికి పోవడం తగ్గించుకునే పెద్దామె కష్టం ఏ లెక్కల్లోనూ కనిపించదు.

ముందు వచ్చేది పడడమా, భయమా అన్న ప్రశ్నకు అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా వృద్ధులను కొంతకాలం వెంబడించిన అధ్యయనం 2002లో జవాబిచ్చింది. రెండూ ఒకదానికొకటి దారి తీస్తాయి. పడ్డవారిలో తర్వాత భయం పుడుతుంది, పడకుండానే భయపడ్డవారు తర్వాత పడే అవకాశం పెరుగుతుంది. భయంతో నడిచే మనిషి నడకే మారిపోతుంది. అడుగు చిన్నదవుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి, చూపు ముందుకు పోకుండా పాదాల దగ్గరే ఆగుతుంది. బిగుసుకున్న కాలు తొట్రుపాటు వచ్చినప్పుడు చప్పున ముందుకు పడదు. నడకకే మనసంతా ఖర్చవుతుంది కనుక ఎవరైనా పిలిస్తే తడబడతారు. మాట్లాడాలంటే నడక ఆపేసే వృద్ధులు పడే ప్రమాదం ఎక్కువని 1997లో స్వీడన్ పరిశోధకులు చూపారు. ఇంట్లోవాళ్లు ఏ పరికరం లేకుండా గమనించగల గుర్తు ఇది.

భయపడే ప్రతివారూ బలహీనులు కారు. 2010లో ఆస్ట్రేలియాలో కిమ్ డెల్బేర్ బృందం 70 నుంచి 90 ఏళ్ల మధ్యవారిని 500 మందిని పరీక్షించింది. శరీరం చెప్పే ప్రమాదానికీ, మనసు ఊహించే ప్రమాదానికీ పొంతన ఉన్నవారు మూడింట రెండు వంతులు. మిగతావారిలో 11 శాతం ఒళ్లు గట్టిగానే ఉన్నా ఎక్కువగా భయపడేవారు. 20 శాతం ఒంట్లో ప్రమాదం ఉన్నా భయం తక్కువగా ఉన్నవారు. ఈ రెండో జట్టువారు నిబ్బరంగా ఉంటూ, నలుగురిలో తిరుగుతూ, పనులు చేసుకుంటూ ఉన్నారు. వారి శరీరాన్ని బట్టి ఊహించినంతగా పడలేదు కూడా. ధైర్యం ఒక్కటే చాలని దీని అర్థం కాదు. నడుస్తూ ఉండడానికి ధైర్యం అవసరమని మాత్రం ఇది చెబుతోంది.

ఈ ప్రాంతపు ఎముకలు

నెలసరి ఆగిన తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక గుల్లబారడం ప్రపంచమంతటా ఉన్నదే. తెలుగు రాష్ట్రాల్లో దానికి ఇంకో కారణం తోడైంది. గర్భసంచి తీయించుకోవడం ఇక్కడ దేశంలోకెల్లా ఎక్కువ. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. తెల్లబట్టకూ, అధిక రక్తస్రావానికీ మందులతో సరిపోయే చోట కూడా ముప్పై, నలభై ఏళ్లకే ఆపరేషన్ జరిగిన సందర్భాలు ఊరూరా వినిపిస్తాయి. ఆపరేషన్‌లో అండాశయాలను కూడా తీసేస్తే ఎముకను కాపాడే హార్మోను అప్పటి నుంచే అందదు. వాటిని ఉంచినా నెలసరి ఆగే వయసు ముందుకు జరగవచ్చు. అరవై ఏళ్ల ఆమె ఎముక గురించి మాట్లాడేటప్పుడు ఆమెకు నలభైలో ఏం జరిగిందో అడగని పరీక్ష అసంపూర్ణం.

ఎండ పుష్కలంగా ఉన్న దేశంలో విటమిన్ డి లోపమేమిటని అనిపించవచ్చు. తిరుపతి పరిసరాల్లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన, పట్నంలోనూ పల్లెలోనూ ఆరోగ్యంగా కనిపించేవారిలోనే ఈ లోపం విస్తారంగా ఉందని తేల్చింది. తిండిలో కాల్షియం తక్కువగా ఉండడం, ధాన్యాల్లోని ఫైటేట్లు ఉన్న కాస్త కాల్షియాన్ని ఒంటికి పట్టనీయకపోవడం కూడా ఆ పరిశోధన చూపినవే. జొన్న, రాగి, సజ్జ తగ్గి పాలిష్ బియ్యం పెరిగిన కంచంలో, పాలు అమ్మకానికి పోయే ఇంట్లో, ఇంటి పెద్దామె వంతుకు ఏం మిగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక నల్లగొండ ఫ్లోరైడ్. అస్థి ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో మొదట వర్ణించింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ జిల్లాలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లోకం దృష్టికి తెచ్చారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఉన్నంత తీవ్రత ఉమ్మడి జిల్లా అంతటా లేదు. కానీ మిషన్ భగీరథ నల్లా రావడానికి ముందు దశాబ్దాల పాటు బావి, బోరు నీళ్లు తాగిన తరం ఇది. ఫ్లోరోసిస్ సోకిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది గానీ పెళుసుగా ఉంటుంది. వెన్నుపూస గట్టిపడి మెడ తిరగదు, తుంటి, మోకాలు పూర్తిగా వంగవు. తూలినప్పుడు ఒంటిని సర్దుకోవడానికి కావలసిన కదలికలు ఇవే. అందువల్ల ఈ ప్రాంతంలో నడుము, మెడ బిగుసుకున్న స్త్రీని వయసు మీద పడిందని వదిలేయకుండా, ఆమె ఏ నీళ్లు తాగి పెరిగిందో వైద్యులు తెలుసుకోవాలి.

కండ సంగతి కూడా ఎముకంత ముఖ్యం. వయసుతో కండ, బలం తగ్గిపోవడాన్ని సార్కోపీనియా అంటారు. 1989లో అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ దీన్ని వైద్య చర్చలోకి తెచ్చారు. ఆసియా నిపుణుల బృందం 2019లో స్త్రీకి చేతి పట్టు బలం 18 కిలోల కంటే తగ్గితే బలహీనతగా లెక్కించాలని సూచించింది. యంత్రం లేని ఊళ్లో దీనికి సులువైన ప్రత్యామ్నాయం లేచి నడిచే పరీక్ష. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు దాటితే పడే ప్రమాదం ఉన్నట్టు అనుమానించాలి. ఆశా కార్యకర్త దగ్గరున్న సెల్‌ఫోన్‌తోనే ఈ కాలాన్ని లెక్కపెట్టవచ్చు.

"ఒక్కకాడ కూసో"

పడి లేచిన పెద్దామెకు మొదట వినిపించే మాట ఇదే. "ఎందుకు తిరుగుతవ్, ఏడన్న పడ్తే ఎట్ల, ఒక్కకాడ కూసోరాదు." అనేది కొడుకు, కోడలు, బిడ్డ. అందులో ప్రేమ ఉంది, ఆస్పత్రి ఖర్చు భయమూ ఉంది. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, నెలల తరబడి సేవ తప్పవు. తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాది లోపల చనిపోయేవారు చాలా దేశాల్లో ఐదుగురిలో ఒకరి కంటే తక్కువ లేరు. కనుక ఇంటివారి కంగారు అకారణం కాదు.

అయినా ఈ సలహా తప్పు. ఈ ప్రాంతంలో వృద్ధ స్త్రీలకు జరిగే అన్యాయాల్లో అందరి మన్ననా పొందేది ఇదొక్కటే కావడం మరింత బాధాకరం. కూర్చోబెట్టిన ఆరు వారాలకే తొడ కండ పలచబడుతుంది. లేచినప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మలబద్ధకం, నిద్రలేమి మొదలవుతాయి. నిద్రమాత్ర వేసుకుంటే రాత్రి లేచినప్పుడు తూలు మరింత పెరుగుతుంది. అంతలో ఎప్పుడో తప్పనిసరై లేచిన ఆమె పడుతుంది. "చెప్తే ఇన్నవా" అని మళ్లీ అదే మాట. రెండోసారి మూడోసారి జరిగేసరికి తాను దేనికీ పనికిరానని ఆమే నమ్ముతుంది.

మన ఇళ్లలో పెద్దామె గౌరవం ఆమె చేసే పనితో ముడిపడి ఉంటుంది. వాకిలి ఊడ్వడం, మనవడిని బడికి దింపడం, పప్పు ఏరడం, పొద్దున టీ పెట్టడం పోతే ఆమె మాట విలువ కూడా తగ్గుతుందని ఆమెకు తెలుసు. అరవై దాటిన భారతీయ స్త్రీలలో సగం మంది దాకా భర్తను పోగొట్టుకున్నవారే. పిల్లలు హైదరాబాద్‌లో ఉండి ఊళ్లో ఒక్కతే మిగిలిన ఆమెకు గడప దాటడం మానడమంటే మాట్లాడే మనిషి లేకపోవడమే. పడతానన్న భయం, దిగులు జబ్బు, ఒంటరితనం ఒకేచోట కనిపిస్తాయని దేశదేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఏది కారణం, ఏది ఫలితం అన్నది మనిషి మనిషికీ మారుతుంది. వైద్యం మాత్రం మూడింటినీ కలిపే చూడాలి.

ఏ వ్యాయామం పనిచేస్తుంది

ఇక్కడ శాస్త్రం చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. 2019లో కేథరిన్ షెరింగ్టన్ బృందం 25 దేశాల్లో జరిగిన 108 పరీక్షలను, 23 వేల మందికి పైగా వృద్ధుల వివరాలను కలిపి చూసింది. వారిలో మూడొంతులకు పైగా స్త్రీలు. వ్యాయామం పడడాన్ని 23 శాతం తగ్గించింది. అందులోనూ నిలకడను సవాలు చేసే వ్యాయామాలు బాగా పనిచేశాయి. భయం మీద వ్యాయామ ప్రభావాన్ని 2014లో డెనిస్ కెండ్రిక్ బృందం 30 పరీక్షల నుంచి అంచనా వేసింది. వ్యాయామం చేసిన వెంటనే భయం కొద్దిగా నుంచి ఓ మోస్తరుగా తగ్గింది. ఆ తగ్గుదల ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేందుకు ఆధారాలు చాలలేదు. వ్యాయామం ఆపకుండా సాగాలని చెప్పడానికి ఇదొక కారణం.

స్త్రీల విషయంలో మొదటగా చెప్పుకోవలసిన ప్రయోగం న్యూజిలాండ్‌లోని ఒటాగోది. జాన్ క్యాంప్‌బెల్, క్లేర్ రాబర్ట్‌సన్ తదితరులు 80 ఏళ్లు, అంతకు మించిన వయసున్న 233 మంది స్త్రీలను తీసుకున్నారు. సగం మంది ఇళ్లకు ఫిజియోథెరపిస్టు వెళ్లి, కాళ్లకు బలం, ఒంటికి నిలకడ ఇచ్చే వ్యాయామాలు నేర్పారు. 1997లో వెలువడిన ఫలితాల్లో వ్యాయామం చేసినవారు తక్కువగా పడ్డారు, దెబ్బలూ తక్కువ తగిలాయి. తర్వాత నాలుగు పరీక్షలను కలిపి చూస్తే పడడం 35 శాతం తగ్గింది. వారానికి మూడుసార్లు అరగంట వ్యాయామం, రెండుసార్లు నడక దీని పద్ధతి. ఎనభై దాటినా కండ పెరుగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నడక ఒక్కటే చాలదు. పట్నాల్లో వ్యాయామమంటే వాకింగ్ అనే అనుకుంటారు. సూర్యాపేటలో సద్దల చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవారు కనిపిస్తారు. గుండెకు, షుగరుకు, మనసుకు అది మంచిదే. కానీ 1997లో ఇంగ్లండ్‌లో చేయి విరిగిన స్త్రీలకు వేగంగా నడవమని చెప్పిన ఒక పరీక్షలో వారు తక్కువగా కాక, ఎక్కువగా పడ్డారు. కాళ్లలో పట్టు, నిలకడ రాకముందే వేగం పెంచితే జరిగేది అదే. ఊళ్లలో నడకంటే బండ్లు, ట్రాక్టర్లు తిరిగే రోడ్డు పక్కనే, కుక్కల మధ్య నడవాలి. బలహీనంగా ఉన్నవారు ముందు ఇంట్లో గుంజ పట్టుకుని బలం తెచ్చుకుని, ఆ తర్వాత రోడ్డెక్కడం సరైన వరుస.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు, వారంలో కనీసం మూడు రోజులు నిలకడ, బలం పెంచే వ్యాయామం చేయాలి. తైచీ అనే చైనా వ్యాయామం పడడాన్నీ, భయాన్నీ తగ్గిస్తుందని 1996లో అట్లాంటాలో జరిగిన పరీక్ష చూపింది. యోగాసనాల వల్ల వృద్ధులకు నిలకడ, కదలిక మెరుగయ్యాయని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అయితే తలకిందుల ఆసనాలు, వెన్నును బాగా ముందుకు వంచే ఆసనాలు గుల్లబారిన ఎముకలకు ప్రమాదం.

ఇంట్లో, వాకిట్లో

ఆస్ట్రేలియాకు చెందిన లిండీ క్లెమ్సన్ వ్యాయామానికి వేరే సమయం కేటాయించకుండా రోజువారీ పనుల్లోనే దాన్ని కలిపే పద్ధతి రూపొందించారు. 70 దాటిన 317 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. పడడం 31 శాతం తగ్గింది. ఫిజియోథెరపీ కోసం సూర్యాపేటకో మిర్యాలగూడకో పోవలసిన పల్లెలకు ఇది సరిగ్గా సరిపోయే దారి.

పెన్‌పహాడ్ ఇంట్లో దాని రూపం ఇలా ఉండవచ్చు. పొయ్యి మీద పాలు కాగే దాకా గట్టు పట్టుకుని మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడడం, దించడం. కుర్చీలోంచి, మంచంలోంచి లేచిన ప్రతిసారీ వెంటనే కూర్చుని మళ్లీ లేవడం. చేతుల ఊతం లేకుండా లేవడం వచ్చిన నాడు కాళ్లకు బలం వచ్చినట్టే. గోడ పక్కన ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ పది అడుగులు వేయడం. గుంజ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం. పట్టు మొదట రెండు చేతులది, తర్వాత ఒక చేతిది, తర్వాత ఒక వేలిది, చివరకు గుంజ అందుబాటులో ఉంటే చాలు. ఎప్పుడూ రెండు చేతులా పట్టుకునే చేస్తే నిలకడ పెరగదు, ఏ పట్టూ లేకుండా మొదలుపెడితే పడతారు. ఈ వరుసే అసలు కిటుకు. అరకిలో ఇసుక కుట్టిన గుడ్డ సంచి చీలమండకు కట్టుకుని, కుర్చీలో కూర్చుని కాలు చాపి దించితే తొడకు బలం. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఈ కూర్చుని చేసే వ్యాయామమే మొదటి మెట్టు. తొడ కండ బలపడితే మోకాలి మీద భారం కూడా తగ్గుతుంది.

మార్పు తెలియడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నవారు, ఈమధ్యనే ఎముక విరిగినవారు, బీపీ అదుపులో లేనివారు డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి.

బతుకమ్మ గురించి ఒక మాట. వలయంగా తిరుగుతూ పక్కకు అడుగేయడం, వంగి చప్పట్లు కొట్టడం, లేవడం, పక్కవారితో లయ కలపడం అందులో ఉన్నాయి. నిలకడ వ్యాయామంలో ఉండవలసిన కదలికలన్నీ దాదాపు ఇవే. బతుకమ్మ ఆట పడడాన్ని తగ్గిస్తుందని చెప్పడానికి పరీక్షలు కావాలి. కానీ కసరత్తు అంటే సిగ్గుపడే పెద్దామె ఈ అడుగులు సిగ్గు లేకుండా వేస్తుంది. ఏడాదిలో తొమ్మిది రోజులకే పరిమితమైన ఆ అడుగులను వారానికి మూడు సాయంత్రాలు, పాట పాడుకుంటూనే, పొదుపు సంఘం ఆడవాళ్లు సాగిస్తే అడ్డేమీ లేదు. మోకాళ్లు సహకరించనివారు వలయం మధ్యలో కుర్చీ వేసుకుని చేతులు, పాదాలు కదిలించవచ్చు. గుంపుగా చేసే వ్యాయామంలో భయం తగ్గడానికి తోటివారే కారణం. తనకంటే పెద్దామె ఒంటికాలి మీద నిలబడగా చూసినప్పుడు వచ్చే ధైర్యం డాక్టరు చెబితే రాదు. అమెరికాలో బోస్టన్ పరిశోధకులు 1990లలో నడిపిన తరగతుల్లోనూ ఇదే సూత్రం. వారు వ్యాయామంతో పాటు భయాల గురించి బాహాటంగా మాట్లాడించారు, ఇంట్లో జారే చోట్లను పెద్దవాళ్ల చేతనే గుర్తింపజేశారు.

కన్ను, మందు, చెప్పు

వ్యాయామం ఒక్కదానితో అన్నీ తీరవు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి చెందిన శ్రీనివాస్ మార్మాముల బృందం నగరంలోని వృద్ధాశ్రమాల్లో వెయ్యి మందికి పైగా పెద్దవారిని పరీక్షించింది. చూపు తగ్గినవారు ఎక్కువగా పడుతున్నారని గుర్తించింది. సరైన అద్దాలు లేకపోవడం, శుక్లం లాంటి సరిదిద్దగల కారణాలే ఎక్కువ. ఇంగ్లండ్‌లో 70 దాటిన 306 మంది స్త్రీలపై జరిపిన పరీక్షలో మొదటి కంటి శుక్లం ఆపరేషన్ త్వరగా చేయించినవారు 34 శాతం తక్కువగా పడ్డారు, వారి ధైర్యమూ పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న, మళ్లీ 2023 జనవరిలో చేపట్టిన కంటి వెలుగు శిబిరాలు ఊరూరా కళ్లద్దాలు ఇచ్చాయి. ఆ జాబితాల్లో ఆపరేషన్ అవసరమని రాసినవారిలో ఎంతమంది భయపడి ఆగిపోయారో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు మళ్లీ అడిగి చూడడం మేలు. దగ్గర చూపు, దూరపు చూపు రెండూ కలిసిన అద్దాలతో మెట్లు దిగేటప్పుడు కింది మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి తల వంచి చూసి దిగడం అలవాటు చేసుకోవాలి.

బీపీ, షుగరు మాత్రలు, నిద్రమాత్రలు కలిసి తూలు తెప్పిస్తాయి. నాలుగు రకాల మందులు దాటినవారు ఏడాదికోసారి ఆ సంచి మొత్తం డాక్టరు ముందు పెట్టాలి. సొంతంగా మానకూడదు. అరిగి నున్నబడ్డ హవాయి చెప్పులు, పాదం మీద పడే చీర కుచ్చిళ్లు, బాత్రూములో పాచి పట్టిన బండలు, మరుగుదొడ్డి ముందు ఒక్కటే ఎత్తయిన మెట్టు తప్పించదగినవి. మరుగుదొడ్డి గోడకు ఒక ఇనుప పైపు బిగిస్తే లేవడానికి పట్టు దొరుకుతుంది, ఖర్చు తక్కువ. చేతికర్ర పట్టుకోవడం సిగ్గనుకునే ఆడవారు చాలామంది. దాని ఎత్తు మణికట్టు ఎముక దగ్గరికి రావాలి, కింద రబ్బరు బిళ్ల ఉండాలి.

2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆస్పత్రుల్లో పెద్దవారికి ప్రత్యేక సేవలు ఉండాలంటుంది. 2019లో సూర్యాపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పల్లె దవాఖానల్లో బీపీ, షుగరు చూస్తున్నారు. అదే వరుసలో "ఈ ఏడాది పడ్డవా అవ్వా? పడ్తానని భయమైతుందా? దాంతోని ఏ పని మానేసినవ్?" అనే మూడు ప్రశ్నలు చేరిస్తే అదనపు పరికరమేదీ అక్కర్లేదు. పింఛను పంచే రోజు ఊళ్లోని పెద్దవాళ్లంతా ఒకచోటికి వస్తారు కనుక, లేచి నడిచే పరీక్షకు అదే సరైన రోజు.

పడ్డాక లేవడం

భయానికి మూలం చాలామందిలో దెబ్బ కాదు, పడ్డచోటే ఎవరూ రాకుండా గంటల తరబడి పడి ఉంటామేమోనన్నది. కనుక నేల మీది నుంచి లేవడం కూడా వ్యాయామంలో భాగంగా నేర్పాలి. జీవితమంతా కింద కూర్చుని తిన్న, పప్పు ఏరిన, పీట మీద పని చేసిన స్త్రీలకు ఇది కొత్త విద్య కాదు, మరిచిపోతున్న విద్య. రోజూ ఒకసారి కింద కూర్చుని లేవగలిగినవారు ఆ అలవాటును వదలకూడదు.

పడిన వెంటనే లేవాలని గింజుకోకూడదు. ఒక నిమిషం అలాగే ఉండి, నొప్పి ఎక్కడుందో చూసుకోవాలి. ఏమీ లేకపోతే పక్కకు ఒత్తిగిల్లాలి. మోచేతి మీద లేచి, చేతులు, మోకాళ్ల మీదికి రావాలి. పాకుతూ మంచం కోడు దగ్గరికో, బరువైన కుర్చీ దగ్గరికో చేరాలి. రెండు చేతులూ దాని మీద ఆనించి, బలంగా ఉన్న కాలి పాదాన్ని ముందు నేలకు ఆనించి, నెట్టుకుంటూ లేచి, తిరిగి దాని మీదే కూర్చోవాలి. ఇంట్లోవారు పక్కన ఉండగా, చాప పరుచుకుని, దీన్ని నెలకు రెండు మూడుసార్లు చేసి చూడాలి. ఒంటరిగా ఉండేవారు సెల్‌ఫోన్‌ను చిన్న గుడ్డసంచిలో మెడకు వేసుకుంటే, లేవలేకపోయినా పిలవగలుగుతారు. వృద్ధుల సహాయవాణి 14567 సలహాకు పనికొస్తుంది, అత్యవసరానికి 108.

లేపకూడని సందర్భం ఒకటుంది. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి, ఒక కాలు రెండోదానికంటే పొట్టిగా కనిపించడం, పాదం బయటివైపు తిరిగి ఉండడం తుంటి ఎముక విరిగిందనడానికి గుర్తులు. అప్పుడు చంకల్లో చేతులు పెట్టి నిలబెట్టడం, నూనె రాసి తోమడం, కట్టు కట్టించడానికి తీసుకుపోవడం చేయకూడదు. పడ్డచోటే తలకింద మెత్త పెట్టి, దుప్పటి కప్పి, కాలు కదలకుండా రెండువైపులా బట్టల మూటలు ఆనించి 108కి ఫోన్ చేయాలి. ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లో జరిగితే మేలు. ఆ తర్వాత డాక్టరు చెప్పిన వెంటనే, వీలైతే మర్నాడే, నడిపించడం మొదలుపెట్టాలి.